మత్తు తుపాకీ మొరాయించిన వేళ

2025 మార్చి 17న కేరళలోని ఇడుక్కి జిల్లా వండిపెరియార్ పరిసరాల్లో, గాయపడిన కాలితో తేయాకు తోటల మధ్య తిరుగుతూ పెంపుడు జంతువులను చంపుతున్న ఒక పులిని పట్టుకోవడానికి అటవీ సిబ్బంది, పశువైద్యులు బయలుదేరారు. సుమారు 15 మీటర్ల దూరం నుంచి పేల్చిన తొలి మత్తు సూది పులికి తగిలింది. మందు పూర్తిగా ఎక్కలేదన్న అంచనాతో రెండో సూది పేల్చగానే పులి సిబ్బందిపైకి దూకింది. ఒక ఉద్యోగి చేతిలోని రక్షణ కవచమూ, తలపై హెల్మెట్టూ పంజా దెబ్బకు ధ్వంసమయ్యాయి. పక్కనున్నవారు ఆత్మరక్షణార్థం తుపాకులు పేల్చారు. పులి చనిపోయింది, మనిషి బతికాడు.

మరునాటి వార్తల్లో ఈ ఘటన ‘మత్తు ఇచ్చే ప్రయత్నం విఫలం’ అన్న మాటలకు కుదించుకుపోయింది. దేశంలో ఎక్కడ పులి, చిరుత, ఏనుగు జనావాసాల్లోకి వచ్చినా, దాన్ని పట్టుకునే యత్నం బెడిసికొట్టినా ఈ మాటే వినిపిస్తుంది. తెలుగు పత్రికా భాషలో దీనికి ఇంకా ముచ్చటైన క్రియ ఒకటి ఉంది: మొరాయించడం. ఒకప్పుడు బరువు లాగనని నేలకు కాళ్లు తన్నిపెట్టిన ఎద్దుకు వాడిన మాట అది. తర్వాత బస్సులకూ, మోటారు పంపులకూ, ఎన్నికల నాడు ఓటింగ్ యంత్రాలకూ అంటుకుంది. ఎద్దు మొరాయించిందంటే తప్పు ఎద్దుదే, తోలేవాడిది కాదు. అదే మాటను యంత్రానికి అంటగట్టినప్పుడు, దాన్ని కొన్నవారు, నిల్వ చేసినవారు, చేతికిచ్చి అడవిలోకి పంపినవారు అందరూ వాక్యంలోంచి మాయమైపోతారు. మత్తు తుపాకీ విషయంలో ఈ వ్యాకరణం ప్రాణాల మీదికి తెస్తోంది. ఆ తుపాకీ విఫలమైన సందర్భాలను దగ్గరగా పరిశీలిస్తే, చాలా సార్లు వైఫల్యానికి బీజం మీట నొక్కడానికి ఎంతో ముందే పడినట్టు కనిపిస్తుంది.

సూది ఎలా పనిచేస్తుంది

మత్తు తుపాకీ సైనికుడి తుపాకీకి బంధువు కాదు, వైద్యుడి సిరంజికి బంధువు. 1950లలో దీనికి రూపమిచ్చిన వారిలో ప్రముఖుడైన న్యూజిలాండ్ వాసి కొలిన్ మర్డోక్ స్వయంగా ఔషధ విక్రేత, పశువైద్యుడు. వాడి పారేసే ప్లాస్టిక్ సిరంజి రూపకర్తగానూ ఆయనకు పేరుంది. జంతువు దగ్గరకు వెళ్లకుండా దానికి ఇంజక్షన్ ఇవ్వడం ఎలా అన్నదే ఆయన ముందున్న ప్రశ్న. జవాబుగా పుట్టినది ఎగిరే సిరంజి.

నేడు మన అటవీ శాఖల్లో ఎక్కువగా కనిపించే తుపాకులు బొగ్గుపులుసు వాయువు ఒత్తిడితో పనిచేస్తాయి. సూదిలో రెండు గదులుంటాయి. ముందు గదిలో మందు, వెనుక గదిలో ఒత్తిడితో నింపిన గాలి, రెండింటి మధ్య కదిలే బిరడా. సూది కొస మూసి ఉంటుంది. మందు బయటికి రావలసిన రంధ్రాలు పక్కన ఉంటాయి, వాటిపై చిన్న రబ్బరు తొడుగు ఉంటుంది. సూది చర్మంలో దిగేటప్పుడు ఆ తొడుగు వెనక్కి జారాలి, రంధ్రాలు తెరుచుకోవాలి, వెనుక గాలి మందును కండరంలోకి నెట్టాలి. ఇదంతా రెప్పపాటులో జరగాలి.

ఇందులో ఏ ఒక్క మెట్టు తప్పినా ఫలితం లేదు. తొడుగు పాతబడి గట్టిపడితే జారదు. వెనుక గదిలో గాలి కారిపోతే సూది దిగినా మందు దిగదు. దూరాన్ని తక్కువగా అంచనా వేస్తే సూది చేరదు. ఎక్కువగా అంచనా వేసి ఒత్తిడి పెంచితే సూది ఎముకకు తగిలి గాయం చేస్తుంది, లేదా తగిలి వెనక్కి ఎగిరిపోతుంది. చలి ఉదయాల్లో వాయువు ఒత్తిడి సహజంగానే పడిపోతుంది. సాయంత్రం అభ్యాసంలో సరిగ్గా తగిలిన సూది మరునాడు తెల్లవారుజామున అదే దూరంలో జంతువు కాళ్ల ముందు నేలలో గుచ్చుకోవచ్చు. తూటాతో పోలిస్తే సూది నెమ్మది, బరువు ఎక్కువ. చిన్న కొమ్మ తగిలినా దారి మారుతుంది. ఏనుగు చర్మం కొన్నిచోట్ల రెండు సెంటీమీటర్లకు పైగా మందం. దానికి పొడవైన సూది కావాలి. పొరపాటున చిరుతకు ఉద్దేశించిన సూదిని ఏనుగుపై పేలిస్తే మందు చర్మం దాటదు.

సూది సరిగ్గా తగిలిందనుకుందాం. అక్కడితో పని అయిపోయిందని చూసేవారు అనుకుంటారు. నిజానికి ప్రమాదం అప్పుడే మొదలవుతుంది.

మందు ఎక్కే లోపు

సినిమాల్లో మత్తు సూది తగిలిన జంతువు నాలుగడుగులు వేసి ఒరిగిపోతుంది. మన దేశంలో ఎక్కువగా వాడే జైలజీన్, కెటమిన్ మిశ్రమం పనిచేయడానికి జంతువును బట్టి, సూది తగిలిన చోటును బట్టి పది నుంచి ఇరవై నిమిషాలు పట్టవచ్చు. కండరంలో కాక కొవ్వులో దిగితే ఇంకా ఆలస్యం. ఆ వ్యవధిలో జంతువు పూర్తి స్పృహలో ఉంటుంది, పైగా నొప్పితో, కోపంతో ఉంటుంది. తరిమే ఏనుగు గంటకు 40 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగలదంటారు. అంటే సెకనుకు 11 మీటర్లు. సూది పేల్చడానికి అనువైన 30 మీటర్ల దూరం ఏనుగుకు మూడు సెకన్ల పని.

2023 ఆగస్టు 31న కర్ణాటకలోని హాసన్ జిల్లా ఆలూరు తాలూకాలో జరిగినది ఈ లెక్కే. ఒంటిపై గాయంతో తిరుగుతున్న ‘భీమ’ అనే అడవి ఏనుగుకు చికిత్స చేయడానికి అటవీ శాఖ బృందం వెళ్లింది. సూది పేల్చినవాడు వెంకటేశ్. ఏనుగులకు మత్తు సూది వేయడంలో ఎంత చేయి తిరిగినవాడంటే ఆ ప్రాంతంలో ‘ఆనె వెంకటేశ్’ అన్నదే అతని పేరు. గురి తప్పలేదు. సూది తగిలిన ఏనుగు వెనుదిరిగి అతణ్ని తరిమింది, కింద పడినవాణ్ని తొక్కింది. ఆస్పత్రికి తరలించినా ప్రాణం దక్కలేదు. పరికరం చేయవలసిన పని అది చేసింది. అది చేయలేని పనిని, అంటే ఆ మధ్య నిమిషాల్లో మనిషిని కాపాడే పనిని, చేయడానికి మరో ఏర్పాటు లేదు.

అలాంటి ఏర్పాటుకు మన అడవుల్లో ఉన్న పాత పేరు కుంకీ. శిక్షణ పొందిన మచ్చిక ఏనుగుపై కూర్చుని సూది వేస్తే మనిషి ఎత్తులో ఉంటాడు, అడవి ఏనుగు ఎదురు తిరిగితే కుంకీ అడ్డు నిలుస్తుంది, మత్తులో తూలుతున్న ఏనుగు ప్రమాదకరంగా పడిపోకుండా ఇరువైపులా ఆనుకుని ఆపుతుంది. అయితే కుంకీ కూడా ప్రాణమున్న జీవే. వెంకటేశ్ మరణించిన మూడు నెలలకు, 2023 డిసెంబరు 4న, అదే హాసన్ జిల్లా సకలేశపుర తాలూకా యసళూరు అటవీ ప్రాంతంలో, అడవి ఏనుగులను పట్టి రేడియో కాలర్ తొడిగే కార్యక్రమంలో ‘అర్జున’ మరణించింది. మైసూరు దసరాలో 750 కిలోల బంగారు అంబారీని ఎనిమిదిసార్లు మోసిన ఏనుగు అది. అరవై ఏళ్లు దాటిన దాన్ని మదమెక్కిన అడవి ఏనుగుకు ఎదురుగా నిలిపారు. మిగిలిన కుంకీలు వెనక్కి తగ్గాయి. అర్జున ఒంటరిగా పోరాడి కూలింది. పేల్చిన సూది అడవి ఏనుగుకు కాక మరో కుంకీకి తగిలిందనీ, గందరగోళంలో పేలిన తుపాకీ అర్జున కాలికి గాయం చేసిందనీ మావటీల వైపు నుంచి ఆరోపణలు వచ్చాయి. ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. దసరా అంబారీ మోసిన ఏనుగు కాబట్టి రాష్ట్రమంతా కన్నీరు పెట్టింది, విచారణ వేయక తప్పలేదు. పేరు లేని కుంకీ అయితే వార్త రెండో రోజుకు మిగిలేదా అన్నది అనుమానమే.

మందు ఎంపికలోనూ మన చేతులు కట్టివేసి ఉన్నాయి. ఆఫ్రికాలో ఏనుగులకు దశాబ్దాలుగా వాడుతున్న మందు ఎటార్ఫిన్. మార్ఫిన్ కంటే వెయ్యి రెట్లకు పైగా శక్తిమంతమైనది. కొద్ది మోతాదుతో, తక్కువ సమయంలో పెద్ద జంతువును నేలకు దించుతుంది, విరుగుడు మందు ఇవ్వగానే జంతువు నిమిషాల్లో లేస్తుంది. అయితే అది కఠిన నియంత్రణలో ఉన్న మాదకద్రవ్యం, దిగుమతి చేసుకోవలసినది. పొరపాటున మనిషి చేతికి సూది గీసుకుపోయినా ప్రాణాపాయం. పక్కన విరుగుడు మందు నింపిన సిరంజితో మరో మనిషి నిలబడి ఉండాలి. ఈ ఇబ్బందుల వల్ల మన వైద్యులు చాలా వరకు జైలజీన్, కెటమిన్‌లపైనే ఆధారపడతారు. వీటిలో జైలజీన్‌కు విరుగుడు ఉంది, కెటమిన్‌కు లేదు. సురక్షితమైనది అనుకున్న దారే నెమ్మదైన దారి కూడా. ఆ నెమ్మదితనపు మూల్యం అడవిలో నేలపై నిలబడినవారు చెల్లిస్తున్నారు.

ఇక్కడ తరచూ మరుగున పడే సంగతి ఒకటుంది. బెదిరిన జంతువు ఒంట్లో ఎగసే అడ్రినలిన్ జైలజీన్ ప్రభావాన్ని తగ్గిస్తుంది. ఊరంతా గుమిగూడి కేకలు వేస్తూ, డప్పులు మోగిస్తూ, టపాసులు కాలుస్తూ, మిద్దెలెక్కి ఫోన్లలో చిత్రీకరిస్తూ ఉంటే, తుపాకీలో ఏ లోపమూ లేకపోయినా, సూది సరిగ్గా దిగినా, మందు లెక్క తప్పుతుంది. వైద్యుడు రెండో సూది, మూడో సూది వేయక తప్పదు. అప్పుడు మరో చివర ప్రమాదం పొంచి ఉంటుంది: జనం చెదిరి, జంతువు శాంతించాక అన్ని మోతాదులూ ఒక్కసారిగా పనిచేయడం. అంటే ఆ పరికరంలో భాగాలు తుపాకీ, సూది, మందు మాత్రమే కావు. పోలీసు తాడు కట్టి వెనక్కి నెట్టిన జనం కూడా ఒక భాగమే. ఆ భాగం మన దగ్గర పనిచేసిన సందర్భాలు అరుదు.

గురి తప్పకున్నా మిగిలే నష్టానికి 2024 ఫిబ్రవరిలో వయనాడ్ సాక్ష్యమిచ్చింది. మానంతవాడి పట్టణంలోకి వచ్చిన ‘తణ్ణీర్ కొంబన్’ అనే ఏనుగును ఫిబ్రవరి 2న మత్తిచ్చి పట్టుకుని బందీపూర్‌కు తరలించారు. మరునాడే అది చనిపోయింది. వారం తిరిగేసరికి, ఫిబ్రవరి 10న, అదే ప్రాంతంలో ‘బేలూర్ మఖ్నా’ అనే మరో ఏనుగు ఒక ఇంటి ఆవరణలోకి దూసుకువచ్చి ఒక వ్యక్తిని చంపింది. దాని మెడలో కర్ణాటక అధికారులు తొడిగిన రేడియో కాలర్ ఉంది. ఏనుగు ఎక్కడుందో చెప్పడానికే ఆ పట్టీ. అది సరిహద్దు దాటిన సమాచారం సకాలంలో తమకు అందలేదని కేరళ, ఇచ్చామని కర్ణాటక వాదించుకున్నాయి. కాలర్ పనిచేస్తూనే ఉంది. రెండు ప్రభుత్వాల మధ్య సంభాషణ మొరాయించింది. తర్వాత రోజుల తరబడి మత్తు బృందాలు దాని వెంట తిరిగినా, గుబురు పొదల్లో గురి కుదరక, తోడుగా ఉన్న మరో ఏనుగు ఎదురు తిరగడంతో, పట్టుకోలేకపోయాయి. అది కర్ణాటక అడవిలోకి తిరిగి వెళ్లిపోయింది.

చట్టం ఎదుట ఒక వైఫల్యం

పరికరం ఎందుకు విఫలమైందన్నది కేవలం సాంకేతిక కుతూహలం కాదు. దానికి చట్టపరమైన బరువు ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం, మనుషుల ప్రాణాలకు ముప్పుగా మారిన మొదటి షెడ్యూల్ జంతువును చంపడానికి ఉత్తర్వు ఇవ్వాలంటే, దాన్ని పట్టుకోవడం, మత్తివ్వడం, వేరే చోటికి తరలించడం సాధ్యం కాదని రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి సంతృప్తి చెందాలి. అంటే ‘మత్తివ్వడం కుదరలేదు’ అన్న వాక్యం ఒక జంతువు మరణ శిక్షలో నిర్ణాయక వాక్యం. అంత బరువైన వాక్యానికి ఆధారం ఏమిటని అడగడం న్యాయమే.

మహారాష్ట్రలోని యవత్మాళ్ జిల్లా పాండర్‌కవడా ప్రాంతంలో 13 మంది మరణాలకు కారణమని భావించిన ఆడపులి ‘అవని’ ఉదంతంలో ఈ ప్రశ్న నిలువునా ఎదురైంది. దాన్ని పట్టుకోవడానికి వాడనిది లేదు. కెమెరాలు, డ్రోన్లు, జాగిలాలు, గాలిలో ఎగిరే పారామోటార్, ఏనుగులు, చివరకు పులులను ఆకర్షిస్తుందన్న నమ్మకంతో ఒక విదేశీ పరిమళ ద్రవ్యం కూడా. ఆ ఏనుగుల్లో ఒకటి 2018 అక్టోబరులో శిబిరం నుంచి తప్పించుకుని పక్క గ్రామంలో ఒక మహిళను చంపింది. పులి నుంచి ప్రజలను కాపాడడానికి తెచ్చిన సాధనం చేసిన హత్య అది. అవని కథ చెప్పేవారు సాధారణంగా దాటవేసే పేజీ.

ముందు మత్తివ్వాలి, అది సాధ్యం కాకపోతేనే కాల్చాలి. ఇదీ ఉత్తర్వు. సుప్రీంకోర్టు అందులో జోక్యానికి నిరాకరించింది. 2018 నవంబరు 2 రాత్రి హైదరాబాద్‌కు చెందిన వేట నిపుణుల బృందం చేతిలో అవని మరణించింది. మత్తు సూది పేల్చామనీ, పులి మీదికి రావడంతో ఆత్మరక్షణ కోసం కాల్చామనీ బృందం చెప్పింది. కళేబరం తొడపై సూది కనిపించింది. అది తుపాకీ నుంచి వెలువడి దిగినదేనా అన్న సందేహం శవపరీక్ష తర్వాత తలెత్తింది. జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ పంపిన బృందం నిర్దేశిత విధివిధానాల ఉల్లంఘన జరిగిందని తేల్చింది. ఆ విధివిధానాలు మత్తివ్వడానికి పగటి వెలుగును కోరతాయి. అనంతరం 2021లో కోర్టు ధిక్కార చర్యలు చేపట్టడానికి సుప్రీంకోర్టు నిరాకరించింది, కాల్చివేతకు అనుమతి ఉన్నదన్న కారణంతో.

ఎవరు చెప్పింది నిజమన్న వాదనలోకి ఇక్కడ వెళ్లనవసరం లేదు. గమనించవలసినది వేరు. ఆ సూది ఎన్ని మీటర్ల నుంచి, ఎంత ఒత్తిడితో, ఎన్ని గంటలకు పేలింది, అందులో మందు ఎప్పుడు నింపారు, ఎంత ఒంట్లోకి వెళ్లింది అన్న వివరాలు ఘటన జరిగిన క్షణానే నమోదై ఉంటే వాదనకే తావుండేది కాదు. విమానం కూలితే నల్లపెట్టె కోసం వెతుకుతాం, ప్రతి మర మీదా విచారణ నడుపుతాం. మత్తు ప్రయత్నం విఫలమై మనిషో జంతువో చనిపోతే ఒక పత్రికా ప్రకటన, ఒక పరిహారం చెక్కు, కొన్నిసార్లు ఒక బదిలీ. ఆ తుపాకీ మళ్లీ పెట్టెలోకి వెళుతుంది. దాని రబ్బరు తొడుగులు ఏ సంవత్సరం నాటివో తర్వాతి ఘటన దాకా ఎవరూ చూడరు.

ఆయుధం మోసగించిన కథలు వేట సాహిత్యంలో కొల్లలు. 436 మందిని చంపిందని లెక్కకెక్కిన చంపావత్ పులిని 1907లో ఎదుర్కొన్నప్పుడు జిమ్ కార్బెట్ వెంట తెచ్చుకున్న తూటాలు మూడే. అవి అయిపోయాక తహసీల్దారు దగ్గరికి పరుగెత్తి అతని తుపాకీ లాక్కుని వెనక్కి వచ్చాడు. పులికి ఎదురుగా నిలబడ్డాకనే ఆ తుపాకీ గొట్టాలకూ వెనుక భాగానికీ మధ్య ఖాళీ ఉందని, పేలిస్తే తన ముఖమే కాలవచ్చని గమనించాడు. పేల్చాడు, గురీ తప్పింది, అప్పటికే తగిలిన గాయాలతో పులి ఒరిగింది. కార్బెట్‌ను చదివి పెరిగిన తరాలకు ఇది సాహసగాథ. అయితే అతడు కోరి వెళ్లినవాడు. తనకు నచ్చకపోతే వెనుదిరగగల స్వేచ్ఛ ఉన్నవాడు. ఈ రోజు మత్తు బృందం ముందు నడిచే అడుగుజాడల నిపుణుడు చాలా చోట్ల దినసరి కూలీ. అతనికి ఆ ఎంపిక లేదు. అతని చేతికి ఇచ్చే పరికరాన్ని అదృష్టానికి వదిలేయడం సాహసం కాదు.

తెలుగు నేలపై

పొరుగు రాష్ట్రాల అనుభవం తెలుగు రాష్ట్రాలకు దూరపు సంగతి కాదు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి చిత్తూరు జిల్లాలోకి వచ్చిన ఏనుగులు అక్కడే నిలిచిపోయాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఉత్తరాన పార్వతీపురం మన్యం జిల్లాలో ఒడిశా నుంచి వచ్చిన గుంపులు పంటలను, ప్రాణాలను బలిగొంటున్నాయి. చిత్తూరు జిల్లాలోని ననియాల శిబిరంలో జయంత్, వినాయక్ అనే రెండు కుంకీలతోనే ఆంధ్రప్రదేశ్ చాలా కాలం నెట్టుకొచ్చింది. 2025 మే 21న బెంగళూరు విధానసౌధ వద్ద కర్ణాటక ప్రభుత్వం నాలుగు కుంకీలను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వాటిని స్వీకరించారు. పలమనేరు సమీపంలోని ముసలిమడుగు వద్ద వాటికి శిబిరం సిద్ధమైంది.

ఇది స్వాగతించదగిన అడుగు. కుంకీలు వచ్చాయి గనుక సమస్య తీరిందన్న ధోరణి మాత్రం స్వాగతించదగినది కాదు. అర్జునను నడిపించినది దశాబ్దాల అనుభవమున్న కర్ణాటక యంత్రాంగం. అక్కడే సూది తప్పి, కుంకీలు చెదిరి, ఒక వృద్ధ ఏనుగు బలైందంటే, ఇప్పుడిప్పుడే పని నేర్చుకుంటున్న చోట ఎంత జాగ్రత్త అవసరమో చెప్పనక్కరలేదు. కుంకీ అలవాటైన గొంతుకే కట్టుబడుతుంది. మావటికీ ఏనుగుకూ మధ్య నమ్మకం కుదరడానికి నెలలు పడుతుంది. కుంకీపై కూర్చుని కదులుతూ సూది పేల్చడం, మైదానంలో అట్టపెట్టెకు గురిపెట్టడం ఒకటి కావు. వైద్యుడు ఏటా ఎన్ని సూదులు అభ్యాసంగా పేలుస్తున్నాడన్న ప్రశ్న ఏనుగుల సంఖ్య కంటే ముందు అడగవలసినది. సూదులు ఖరీదైనవి, దిగుమతివి. అభ్యాసానికి ‘వృథా’ చేయడానికి కార్యాలయాలు వెనుకాడతాయి. ఆ పొదుపు ఎక్కడ ఖర్చవుతుందో హాసన్ చూపింది.

మత్తు తుపాకీ జోలికి పోకుండానే పని చక్కబెట్టిన అనుభవమూ మనకుంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల బాలిక చిరుత దాడిలో మరణించిన తర్వాత అటవీ శాఖ వరుసగా బోనులు పెట్టి చిరుతలను పట్టుకుంది. 2024 ఏప్రిల్ చివర్లో శంషాబాద్ విమానాశ్రయం పరిసరాల్లోకి వచ్చిన చిరుత కూడా, మేకను ఎర వేసిన బోనులోనే చిక్కింది. బోనుకు ఓపిక కావాలి. రోజుల తరబడి ఏమీ జరగనట్టే ఉంటుంది. టీవీ కెమెరాలకు అది పనికిరాదు. అందుకే ‘ఇంకా మత్తివ్వలేదా’ అని అధికారులపై ఒత్తిడి వస్తుంది. చిరుత వంటి జంతువుకు, సమయం చేతిలో ఉన్నప్పుడు, బోను కంటే మేలైన పరికరం లేదు. తిరుమలలో అదే సమయంలో భక్తుల చేతికి కర్రలు ఇచ్చారు. దానిపై నవ్వులాటలూ నడిచాయి. నవ్వినవారు మరచిన సంగతి, కర్ర చిరుతను కొట్టడానికి కాదు. కర్ర పట్టుకున్నవాడు గుంపు విడిచి ఒంటరిగా నడవకూడదని గుర్తు చేయడానికి. ఆ మేరకు అది మొరాయించని సాధనమే.

ఏనుగుకు బోను పనికిరాదు. పెద్ద పులికి పనికొచ్చినా, అది రోజుకు పదుల కిలోమీటర్లు తిరిగే రకమైతే ఫలితం అరుదు. తెలంగాణకు ఇది అనుభవపూర్వకంగా తెలుసు. 2020 నవంబరులో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పులి దాడుల్లో ఇద్దరు మరణించారు. దాన్ని మత్తిచ్చి పట్టుకునేందుకు సాగిన ప్రయత్నం ఫలించలేదు. 2024 ఏప్రిల్ తొలి వారంలో, ఏనుగుల సంచారమే లేదనుకున్న అదే జిల్లాలోకి మహారాష్ట్ర గడ్చిరోలి వైపు నుంచి ఒక ఏనుగు ప్రాణహిత నది దాటి వచ్చింది. చింతలమానేపల్లి మండలం బూరెపల్లిలో మిర్చి చేనులో ఉన్న రైతును చంపింది. మరునాటికల్లా పెంచికల్‌పేట మండలం కొండపల్లిలో మరో రైతు ప్రాణం తీసింది. ఏనుగును ఎదుర్కొన్న అనుభవం జిల్లా యంత్రాంగానికి లేదు, రాష్ట్రంలో కుంకీ లేదు. దండోరా వేయించి జనాన్ని చేలలోకి వెళ్లవద్దని చెప్పడమే ఆ రెండు రోజులూ అందుబాటులో ఉన్న ప్రధాన సాధనం. ఏనుగు తనంతట తానే నది దాటి వెనక్కి వెళ్లింది.

గడ్చిరోలిలోకి 2021 ప్రాంతంలో ఛత్తీస్‌గఢ్ మీదుగా ఏనుగుల గుంపు వచ్చింది, అక్కడ తిరగడం అలవాటు చేసుకుంది. వేసవిలో ప్రాణహిత పాయలు సన్నబడినప్పుడు ఆవలి గట్టు నుంచి ఈవలి గట్టుకు ఏనుగు నడిచి వచ్చే దూరమే. గట్టుకు ఇవతల మిర్చి, పత్తి చేలున్నాయి, తెల్లవారకముందే నీళ్లు పెట్టడానికి వెళ్లే రైతులున్నారు. జిల్లా కేంద్రంలో ఉన్న మత్తు తుపాకీకి ఏనుగు చర్మానికి సరిపోయే పొడవు సూదులు ఉన్నాయా, వాటి రబ్బరు తొడుగులు ఎప్పటివి, వైద్యుడు చివరిసారి ఎప్పుడు అభ్యాసం చేశాడు, గడ్చిరోలి నుంచి సమాచారం ఎన్ని గంటల్లో చేరుతుంది అన్న నాలుగు ప్రశ్నలకు సమాధానం రాయడానికి ఒక కాగితం, ఒక మధ్యాహ్నం చాలు. నదిలో నీరు తగ్గేలోగా ఆ కాగితం ఎవరి బల్లపై ఉంటుందన్నది ఇంకా తేలవలసి ఉంది.